అమావాస్య నాడు ఆడిన మగ్గం

చీరాల
26 జూన్ 2025, గురువారం

అమ్మడూ హేమా,

నీ ఫోను ఎప్పుడు చేసినా కట్టేసే ఉంటుంది. ఆ స్కానింగ్ గదిలోకి ఫోను తీసుకుపోకూడదని తెలుసులే, అయినా చేస్తూ ఉంటా, అలవాటు. అసలిది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మన ఇల్లూ చీరల కొట్టూ నీకు తెలియందా, మధ్యలో ఉన్నది చెక్క తడిక. నేను కొట్లో దగ్గితే లోపల మీ అత్తయ్య అల్లం దంచుతుంది. అందుకని బేరాల్లేని టైము చూసి ఉత్తరంలాగా టైపు కొడుతున్నా. తప్పులుంటే సర్దుకో.

మీ అత్తయ్యకి తలనొప్పని చెప్పా కదా. కుడి పక్క, చెవి వెనకనుంచి పైకి. మూడు నెలలైంది. మాత్రలు మింగింది, కళ్ళజోడు మార్పించా, తగ్గలా. మన ఊరి డాక్టరు గారు తలకి ఎమ్మారై తీయించమన్నాడు, రక్తనాళాలు కూడా కనపడేట్టు. సోమవారం ఒంగోలు తీసుకుపోయా. ఆ గొట్టంలో అరగంట పడుకుని బయటికొచ్చి ఏమందో తెలుసా? "లోపల ఎవడో మగ్గం నేస్తున్నాడయ్యా, పోగు బిగిసేట్టు పలక కొట్టడం కూడా సరిగ్గా రాదు వాడికి" అంది. అక్కడున్న పిల్లలు ఒకటే నవ్వు.

నిన్న రిపోర్టొచ్చింది. ఆమెకి చెప్పలా. డాక్టరు గారు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. మెదడుకి పోయే ఒక నాళం మీద రెండు మిల్లీమీటర్ల బుడగ ఉన్నట్టు అనుమానం అంట. ఎన్యూరిజం అని రాసుంది. పగిలితే ఏమవుద్దండీ అని అడిగా. పగలకుండా చూసుకోవాలి అన్నాడు. అదేం మాటమ్మా, గాజు సామాను పెట్టె మీద రాసినట్టు! గుంటూరో విశాఖో పెద్ద డాక్టర్లకి చూపించమన్నాడు.

కొట్టుకొచ్చి టేపు తీసి రెండు మిల్లీమీటర్లు ఎంతో చూసుకున్నా. గోరంచంత. ఇంత దాని మీదా నా కాపురం నిలబడుంది అనిపించింది.

ఆమెకి బీపీ ఎక్కువుందని చెప్పా. బరువులెత్తొద్దు, మగ్గం గుంటలో దిగొద్దు, అరవొద్దు అన్నా. అరవొద్దంటే ఎట్టా అని నా మీదే అరిచింది. వినే మనిషా? నిన్న అమావాస్య, మగ్గాలకి సెలవు కదా, వీధంతా గమ్మునుంది. ఈమె మాత్రం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ "అమావాస్య పూట మగ్గం ఆడించే పాపిష్టోడు ఎవడు" అని చెంగు దోపుకుని ఆ ఎండలో వీధి చివరిదాకా పోయి వెతికొచ్చింది. ఎవడూ దొరకలా. దాని గోల దానిది, నా గోల నాది.

ఫిల్ము ఫోటో పంపుతున్నా, ట్యూబులైటుకి ఆనించి తీసా. చూసి రాయి. ఫోన్లో చెప్తే నీ గొంతులో అబద్ధం పట్టేస్తా. రాస్తే, అబద్ధమైనా నమ్మి ఈ పూట అన్నం తింటా.

కొట్లోంచి,
మామయ్య చలమయ్య

*

విశాఖపట్నం
28 జూన్

మామయ్యా,

డ్యూటీ దిగి బస్టాపులో నిలబడి మీ ఉత్తరం చదివాను. రెండు బస్సులు వదిలేశాను.

ముందు ఒక మాట. నేను టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు. మనిషిని కదలకుండా పడుకోబెట్టి బొమ్మలు తీస్తాను, వాటిని చదవడం నా పని కాదు. మీరు వీధిలో "మా మేనకోడలు మెదడు డాక్టరు" అని చెప్పుకుంటారని తెలుసు. చెప్పుకోండి, మీరు మాత్రం నమ్మకండి.

మీ ఫోటోలో అత్తయ్య తల కంటే ట్యూబులైటు బాగా పడింది. తల బాగా పడినా లాభం లేదు. ఫోటో చూసి చీర కొనేవాళ్ళని మీరు ఏమని తిడతారు? మడత నీడని చిరుగనుకుని వెనక్కి పంపారని కదా. ఈ ఫిల్మూ అంతే. వందల బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి వేసి, మడిచి, ఒక్క బొమ్మ చేసి ఇస్తారు. మడత విప్పి చూడాలంటే సీడీ కావాలి. ఒంగోలు వాళ్ళని అడిగి తీసుకుని కొరియర్ చేయండి. ఇక్కడ మా రేడియాలజిస్టు ఫర్హానా మేడం ఉన్నారు, ఆవిడకి చూపిస్తాను. రిపోర్టులో "అనుమానం" అనే రాశారు. ఆ మాటని మీరు "ఖాయం" అని చదువుకోకండి.

అత్తయ్యకి చూపు మసకబారడం, వాంతులు, మాట తడబడడం, కాళ్ళూ చేతుల తిమ్మిర్లు, ఇవేమైనా ఉన్నాయా? అడిగి రాయండి. హఠాత్తుగా తట్టుకోలేనంత నొప్పి వస్తే మాత్రం నాకు రాస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తండి.

ఇంకోటి. చెప్పనని ఒట్టు వేశాను, అయినా చెబుతున్నాను. అత్తయ్య నిన్న ఫోన్ చేసింది. మీకేదో పెద్ద జబ్బు వచ్చిందట. "ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు మంచినీళ్ళిచ్చి ఎరగడే. నిన్న గ్లాసు చేతికిచ్చి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నా పేరు చెప్పి ఒంగోల్లో ఆయనే పరీక్ష చేయించుకున్నాడేమో కనుక్కోవే" అంది. దాచడం మీకు చేతకాదు మామయ్యా. చెప్పేయండి.

మీ హేమ

*

చీరాల
1 జూలై

అమ్మడూ,

సీడీ కొరియర్లో వేశా, పైన అట్టలు పెట్టి పట్టుచీర ప్యాక్ చేసినట్టు చేశా. పగిలిందంటే కొరియర్ వాణ్ణే ఆ గొట్టంలో పెట్టిస్తా.

చెప్పేయమన్నావు. ఎట్టా చెప్పను? నీ తలలో బుడగుంది అంటే ఆమె గమ్మునుంటుందా, రోజుకి పదిసార్లు తల తడుముకుంటుంది. సీడీ సంగతి తేలనీ. ఈలోపు నాకు జబ్బనుకుంటోంది కదా, అనుకోనీ. కాకపోతే దానికో బాధుంది. నాకిప్పుడు కారం లేదు, ఉప్పు లేదు, సొరకాయ కూర, బార్లీ నీళ్ళు. గోంగూర రోట్లో నూరుతున్న వాసనొస్తే పోయి చూసా, పక్కింటోళ్ళది. గుంటూరు మిరపకాయ తిని పెరిగిన నోరమ్మా ఇది!

నువ్వడిగినవన్నీ అడిగా. చూపు బానే ఉందంట. వాంతుల్లేవు, తిమ్మిర్లు లేవు. మాట తడబడుద్దా అంటే "నీకు తడబడుద్ది నా ముందు" అంది. తలనొప్పి తప్ప ఏమీ లేదంది.

నిజం చెప్పనా, మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తే కొట్టొదిలేసి తడిక సందులోంచి చూస్తూ నిలబడుతున్నా, ఊపిరి తీస్తోందా లేదా అని. నిన్న ఒకామె కుప్పడం చీరలు చూపించమని వచ్చి, ఎవరూ లేరని వెళ్ళిపోయింది. పోనీ. నీకు పదేళ్ళప్పుడు టైఫాయిడొస్తే ఇట్టానే నిలబడ్డాం ఇద్దరం, గుర్తుందా? ఇప్పుడు ఒక్కణ్ణే నిలబడుతున్నా, పడుకుంది ఆమె.

త్వరగా చూపించు తల్లీ.

మామయ్య

*

విశాఖపట్నం
8 జూలై

మామయ్యా, ముందు కూర్చోండి. మంచి మాటే.

బుడగ లేదు.

ఫర్హానా మేడం మధ్యాహ్నం అన్నం మానేసి సీడీ మొత్తం చూశారు. ఒక్కో బొమ్మా, పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. మూడు వైపుల తిప్పి చూశారు. ఆ చోట నాళం మొదట్లో కాస్త వెడల్పుగా ఉంది. గరాటు లాగా. ఆ గరాటు చివరినుంచే సన్నటి నాళం బయల్దేరుతోంది. బుడగైతే పక్కకి ఉబ్బి మూసుకుపోయి ఉంటుందట, కొసనుంచి నాళం రాదట. చాలామందికి పుట్టుకతోనే ఇలా ఉంటుందట, దానితోనే నూరేళ్ళు బతుకుతారట. మడిచిన బొమ్మలో ఆ సన్న నాళం కనపడదు కాబట్టి గరాటు బుడగలా కనిపించింది. ఒంగోలు వాళ్ళది తప్పనలేం, అనుమానం అనే రాశారు, ఆ అనుమానం రాయడం వాళ్ళ ధర్మం.

నేను మేడం ముందే ఏడ్చేశాను. ఆవిడ టీ ఇప్పించారు.

అత్తయ్యకి ఇప్పుడు చెప్పండి. కారం కూడా తినండి.

ఒకటి మర్చిపోయాను. తలనొప్పి ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు, ఆమెకి ఇంకేమైనా ఉందేమో సరిగ్గా కనుక్కోమన్నారు మేడం.

హేమ

*

చీరాల
9 జూలై

నా బంగారు తల్లీ!

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. ఐదోసారి పైకి చదివా, మీ అత్తయ్య ముందు. మొత్తం విని ఏమందో తెలుసా? "అంటే నీకేం జబ్బు లేదా?" అంది. లేదే అన్నా. "పదిహేను రోజులు సొరకాయ వండించావు గదయ్యా" అని అట్లకాడ తీసుకుంది. ఆనక కూర్చుని ఏడ్చింది. నాకు జబ్బని పెదకాకాని మల్లేశ్వరుడికి మొక్కుకుందంట. ఆమెకి బుడగని నేనూ ఆయనకే మొక్కా. ఒకే దేవుడికి రెండు తప్పుడు అర్జీలు పెట్టాం. ఆదివారం పోయి రెండూ తీర్చేసుకొస్తాం.

ఇంకేమన్నా ఉందా అని మళ్ళీ అడిగా. "ఏమీ లేదు, నన్నింక డాక్టర్ల చుట్టూ తిప్పితే ఊరుకోను" అంది. నిజమే కదా. లోపలంతా విప్పి చూశారు, ఏమీ లేదన్నారు, ఇంక దిగులెందుకు? మగ్గం ఎక్కేసింది పొద్దున్నే. ఆ చప్పుడు వింటుంటే కొట్లో కూర్చుని అనవసరంగా నవ్వుతున్నా, బేరానికొచ్చినోళ్ళు రేటు తగ్గించమంటే తగ్గించేశా కూడా!

గోంగూర తింటూ,
మామయ్య

*

చీరాల
25 జూలై

హేమా,

పదిహేను రోజులైంది రాసి. గిరాకీ మొదలైంది, శ్రావణమాసం కదా, పెళ్ళిళ్ళోళ్ళు వస్తున్నారు. నువ్వెట్టా ఉన్నావు? అన్నం వండుకుంటున్నావా, ఆ క్యాంటీను మీదే పడ్డావా?

మీ అత్తయ్య బానే ఉంది. తలనొప్పి అప్పుడప్పుడూ. ఇప్పుడు దాని గురించి అడిగితే విసుక్కుంటోంది, నేనూ మానేశా.

నిన్న మాత్రం వీధిలో పరువు తీసింది. నిన్న అమావాస్య. మళ్ళీ అదే పాట, ఎవరో మగ్గం ఆడిస్తున్నారని. ఈసారి ఆనవాలు పట్టేశానంది. కుడి పక్కనుంచే వస్తోంది, కుడి పక్కిల్లు బుల్లయ్యది, కాబట్టి బుల్లయ్యే. పోయి గుమ్మంలో నిలబడి "అమావాస్య నాడు నేసిన గుడ్డ ఎవరి ఒంటికి అచ్చొస్తుందిరా" అని కడిగేసింది. బుల్లయ్య పాపం అన్నం ముందునుంచి లేచొచ్చి "లోపలికొచ్చి చూడు వదినా, పడుగు మీద దుప్పటి కప్పా" అన్నాడు. పోయి చూసింది. దుప్పటి కప్పే ఉంది. "నేనొస్తున్నానని కప్పావు" అంది! వాడికి ఒళ్ళు మండి, "నీకు చెవుడొచ్చింది" అన్నాడు. "చెవుడొస్తే వినపడదురా, వినపడుతోంది" అని ఈమె. వీధి వీధంతా పోగైంది. నేనెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా.

పొద్దున్నుంచీ బుల్లయ్య కొట్టు ముందునుంచి పోతూ నా మొహం చూడలా. ముప్పై ఏళ్ళ స్నేహం. నువ్వొకసారి ఫోన్ చేసి మీ అత్తయ్యకి బుద్ధి చెప్పు.

మామయ్య

*

విశాఖపట్నం
25 జూలై, సాయంత్రం

మామయ్యా,

ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది, మీరు బాపట్ల వెళ్ళారంది. ఆమెని అడిగితే నవ్వేసి మాట మార్చింది. అందుకే రాస్తున్నాను. బుల్లయ్య బాబాయి గొడవ పక్కన పెట్టండి. నేనడిగేవి ఒక్కటీ వదలకుండా చేసి రాయండి.

ఆ చప్పుడు అమావాస్య నాడే వినిపిస్తోందా, రోజూ ఉండి మిగతా రోజుల్లో వీధి మగ్గాల్లో కలిసిపోతోందా? కుడి చెవిలోనేనా? ఎన్నాళ్ళనుంచి? మెట్లెక్కితే వేగం పెరుగుతుందా?

ఇది ముఖ్యం. అత్తయ్యని మధ్యాహ్నం వీధి కాస్త సద్దుమణిగాక కూర్చోబెట్టండి. చప్పుడు ఎలా వినిపిస్తే అలా ఒక చేత్తో మంచం మీద తట్టమనండి. రెండో చేతి మణికట్టు దగ్గర మీరు నాడి పట్టుకోండి. రెండూ కలుస్తున్నాయా, వేరువేరుగా ఉన్నాయా చూడండి. ఆమెకి ఎందుకో చెప్పకండి, నాడి లయ ముందే తెలిస్తే దానికి తగ్గట్టు తట్టేస్తుంది.

రేపే చేయండి.

హేమ

*

చీరాల
27 జూలై

హేమా,

చేశా.

మంచం మీద కూర్చోబెట్టి, ఆటాడదాం రా అన్నా. "ముసలాడికి ఆటలు" అంటూనే కూర్చుంది. కళ్ళు మూసుకుంది. నేను మణికట్టు పట్టుకున్నా. ఆమె తట్టడం మొదలుపెట్టింది.

ఒక్క దెబ్బ తప్పలా అమ్మా. నా వేలికింద నాడి, మంచం మీద ఆమె చెయ్యి. రెండూ ఒకేసారి. మిద్దె మీద బట్టలు తీసుకురమ్మని పంపా, దిగొచ్చాక మళ్ళీ. ఈసారి తొందరగా తట్టింది. నాడీ తొందరగానే ఉంది.

ఎన్నాళ్ళనుంచే అన్నా. పోయిన సంక్రాంతి ముందర్నుంచి అంట. ఏడు నెలలు! రోజూ, కుడి చెవిలో. నాకెందుకు చెప్పలేదే అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసి "మగ్గాల వీధిలో పుట్టా, మగ్గాల వీధికి కాపురానికొచ్చా. మగ్గం వినపడకపోతే చెప్పాలి గానీ వినపడితే చెప్పేదేముంది?" అంది. డాక్టరు అడిగితే ఎందుకు చెప్పలేదంటే "నొప్పి ఎక్కడ అన్నాడు, చూపించా. చప్పుడు నొప్పా?" అంది.

ఇప్పుడు నా మాట విను. కోపంగానే రాస్తున్నా. మొన్న ఏమీ లేదన్నావు. మడత విప్పి చూశామన్నావు. నేను నమ్మి గుళ్ళో కొబ్బరికాయలు కొట్టొచ్చా. ఇప్పుడు మళ్ళీ నాడి పట్టు, మెట్లెక్కించు అంటున్నావు. ఒంగోలోళ్ళు ఉందన్నారు, మీరు లేదన్నారు, రేపింకొకరు ఇంకోటంటారు. ఏ బొమ్మని నమ్మమంటావు నన్ను? ఆమె ఇంక ఏ గొట్టంలోకీ పోనని మంచానికడ్డంగా పడుకుంది. "నా చెవిలో మగ్గం నాది, ఎవరికీ అడ్డం లేదు" అంటోంది. నాకూ ఓపిక లేదు. భయపడీ భయపడీ అలిసిపోయా హేమా.

మామయ్య

*

విశాఖపట్నం
30 జూలై

మామయ్యా,

మీ కోపం న్యాయమే. ఎదురు చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మీ ఉత్తరం పట్టుకుని ఫర్హానా మేడం దగ్గరికెళ్ళాను. చదివి, ఆ సీడీ మళ్ళీ పెట్టారు. ఈసారి బుడగ చోటు వైపు వెళ్ళలేదు, తిన్నగా కుడి చెవి వెనక్కి వెళ్ళారు. అక్కడ మసకగా ఒక పోగు మెరుస్తోంది. అది సిర, రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే దారి. ఒంగోలు వాళ్ళు తీసిన పద్ధతిలో ధమనులే మెరవాలి. సిరలు కూడా ఒక్కోసారి కాస్త మెరుస్తాయి, అది మామూలే అనుకుని వదిలేస్తారు. మొన్న ఆవిడ చూసే ఉన్నారు, మామూలే అనుకుని దాటేశారు. "అందరూ నన్ను బుడగుందా లేదా అనడిగారు హేమా, నేను దానికే జవాబు వెతికాను, అది దొరికాక నా కళ్ళు ఆగిపోయాయి" అన్నారు. అంత పెద్దావిడ నా ముందు తప్పొప్పుకున్నారు.

ఆవిడకంటే నాదే ఎక్కువ తప్పు. మీరు జూన్ 26న రాసిన మొట్టమొదటి ఉత్తరంలోనే ఉంది. అమావాస్య, మగ్గం, వీధి చివరిదాకా వెతకడం. నేను చదివి నవ్వుకున్నాను. చూపు అడిగాను, వాంతులు అడిగాను, చెవి అడగలేదు. వైజాగ్‌లో పుట్టినదాన్నైతే అడిగేదాన్నేమో. ఎనిమిదేళ్ళు మీ మగ్గం పక్కన చాప వేసుకుని నిద్రపోయినదాన్ని, నాకూ అది చప్పుడులా వినపడలేదు.

ఇప్పుడు ఏమిటని అనుమానమంటే, ధమనికీ సిరకీ మధ్య ఒక అడ్డదారి పడింది. నెమ్మదిగా పోవాల్సిన సిరలోకి ధమని రక్తం జోరుగా దూకుతోంది. ఆ చప్పుడే ఆమె వింటున్నది. దాన్ని ఫిస్టులా అంటారు. వదిలేస్తే సిర ఆ ఒత్తిడి తట్టుకోలేక చిట్లవచ్చు. మామూలు ఎమ్మారైలో ఇది తప్పించుకుంటుంది. తేల్చాలంటే తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం మెడదాకా పంపి, మందు వదిలి, రక్తం పారుతుండగా తీయాలి. దానిలో కొద్దిగా ప్రమాదం ఉంది, లేదని చెప్పను. ఉందని తేలితే ఆ దారినే మూసేయవచ్చు.

ఏ బొమ్మని నమ్మాలి అన్నారు. బొమ్మని నమ్మొద్దు మామయ్యా. కరీమున్ అక్క మన వీధికి బీపీ చూడ్డానికి వస్తుంది కదా, ఆమె స్టెతస్కోపు అడగండి. అత్తయ్య కుడి చెవి వెనక ఎముక మీద పెట్టి, మీరే వినండి. వినపడకపోయినా పరీక్ష తప్పదు. కానీ ఒకసారి వినండి.

హేమ

*

చీరాల
1 ఆగస్టు

అమ్మడూ,

కరీమున్ వచ్చింది. ముందు ఆమె పెట్టి విన్నది. మొహం మారింది, గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టింది.

విన్నా.

టకటకలు కాదు. నాడె ఇటునుంచి అటు పోయేప్పుడు పోగుల మీద జారుతుందే, ఆ చప్పుడు. జుయ్... జుయ్... జుయ్. ఆగకుండా. నా పెళ్ళాం తలలో! ముప్పై ఎనిమిదేళ్ళు పక్కన కూర్చున్నా, ఏడు నెలలు అది ఒక్కతే వింటూ ఉంది.

నేను స్టెతస్కోపు దించలేకపోయా. నా మొహం చూసి ఆమె "ఏందయ్యా, నీకూ వినపడిందా?" అంది. ఆఁ అన్నా. "హమ్మయ్య" అంది. హమ్మయ్య అందమ్మా! ఇన్నాళ్ళూ అందరూ పిచ్చిదనుకుంటున్నారని లోపల్లోపల భయపడిందంట. చాపలో చీరలు రెండు చుట్టుకుని "ఎప్పుడు పోదాం విశాఖ" అని తనే అడిగింది.

ఒక సందేహం. ఫిస్టులా అంటే మొలల ఆస్పత్రోళ్ళు గోడల మీద రాసేది కదా, అది తలలోకెట్టా ఎక్కింది? కరీమున్‌ని అడిగితే నవ్వింది గానీ చెప్పలా. వీధిలో ఎవరికీ జబ్బు పేరు చెప్పకుండా బయల్దేరుతున్నాం.

నాలుగో తారీకు రైలు. స్టేషనుకి రా.

మామయ్య

*

విశాఖపట్నం, ఆస్పత్రి రెండో అంతస్తు
7 ఆగస్టు, పదకొండు గంటలు

హేమా,

నువ్వు లోపల అద్దం గదిలో ఉన్నావు, నీ ఫోను నా సంచిలో ఉంది. నేను రాసేది నువ్వెప్పుడు చదువుతావో నాకు తెలియదు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి, అందుకని రాస్తున్నా.

ఉందన్నారు, అది తేలింది. మూసేస్తామన్నారు, రెండు గంటలు పడుతుందన్నారు. లోపలికి పోయి మూడు గంటలవుతోంది. పక్క కుర్చీలో ఆయన విజయనగరం నుంచి వచ్చాడు, మామిడికాయల వ్యాపారం. రేట్ల గురించి మాట్లాడాడు, నేనూ మాట్లాడా. ఏం మాట్లాడానో గుర్తు లేదు.

లోపలికి తీసుకుపోయేప్పుడు పుస్తెల తాడు తీసి నా చేతిలో పెట్టింది. దానికి తగిలించుకున్న పిన్నీసులతో సహా. ఐదున్నాయి. ఇన్ని పిన్నీసులు ఎందుకే అంటే "నీ చొక్కా గుండీలు ఊడితే ఎవరు పెడతారు" అంది. గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నా. ఒకటి గుచ్చుకుంది కూడా.

ఒకటి చెప్పాలి. నువ్వు బుడగ లేదన్న రోజు నేను నిజంగా కనుక్కోవాల్సింది. ఇంకేమన్నా ఉందా అని ఒక్క మాట అడిగి, లేదనగానే సంతోషంగా వదిలేశా. నాకు కావాల్సిన జవాబు అదే కాబట్టి. నీ మీద కోప్పడ్డా. నీ మీద కాదది.

తలుపు తీశారు. కాదు, వేరే ఎవరినో పిలిచారు.

ఆమె బాగుంటే ఇంక ఎప్పుడూ సొరకాయ వద్దనను.

తలుపు మళ్ళీ

*

చీరాల
23 ఆగస్టు, శనివారం

అమ్మడూ హేమా,

ఇంటికొచ్చి వారమైంది. ఆ రోజు సగంలో వదిలేసిన ఉత్తరం నీకు అట్టానే పంపించేశానంట, ఇవాళ చూసుకున్నా. నువ్వు తలుపులోంచి చెయ్యి ఊపితే ఫోను ఎక్కడ పడేశానో కూడా తెలియదు, ఆ మామిడికాయలాయన తెచ్చిచ్చాడు.

మీ అత్తయ్య కళ్ళు తెరిచి మొట్టమొదట "కరెంటు పోయిందా?" అనడిగింది, నీకు గుర్తుండే ఉంటుంది. లైట్లన్నీ వెలుగుతున్నాయే అన్నా. "మరి ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి" అంది. నర్సమ్మ నవ్వింది గానీ నువ్వూ నేనూ నవ్వలేకపోయాం.

తలనొప్పి లేదు. కరీమున్ వచ్చి స్టెతస్కోపు పెట్టింది, నేనూ పెట్టా, రెండుసార్లు పెట్టా. ఏమీ లేదు. మూడోసారి పెట్టబోతే చేతి మీద కొట్టింది. నువ్వు చెప్పినట్టు ఆరు నెలలకి మళ్ళీ చూపించాలని క్యాలెండరు మీద రాసి పెట్టా.

ఇవాళ అమావాస్య. పొద్దున్నుంచి వీధిలో ఒక్క పలక చప్పుడు లేదు. మీ అత్తయ్య స్నానం చేసి అరుగు మీద కూర్చుంది. నేను కొట్లోంచి చూస్తూ ఉన్నా. అట్టానే కూర్చుంది చాలాసేపు, తల కాస్త కుడికి వంచి. ఏమే, వస్తోందా అని అడగబోయా. ఉన్నట్టుండి లేచి చెంగు దోపుకుని తిన్నగా బుల్లయ్య ఇంటికి పోయింది. నేను చెప్పుల్లేకుండా వెనకే పరుగెత్తా, మళ్ళీ గొడవే అనుకుని.

బుల్లయ్య అరుగు మీద నూలు కండెలు ఏరుకుంటున్నాడు. ఈమెను చూసి లేచి నిలబడి "దుప్పటి కప్పే ఉంది వదినా" అన్నాడు.

"తెలుసురా బుల్లయ్యా. ఆ రోజు ఆడింది నీ మగ్గం కాదు, నాది" అంది మీ అత్తయ్య.

వాడికి నేనంతా ముందే చెప్పేశాలే. వాడేమో తల గోక్కుని "అమావాస్య నాడు నేసింది నువ్వా? అయితే జరిమానా కట్టు" అన్నాడు. సాయంత్రం బూరెలు వండి పంపుతానంది. ఇప్పుడు లోపల పప్పు రుబ్బుతోంది.

నీకు రాస్తున్నానంటే తడికవతల నుంచి చెప్తోంది, ఉన్నదున్నట్టు రాస్తున్నా: "హేమా, నిశ్శబ్దం అలవాటు కాలేదే. మంచిదేనంటారు గానీ ఇల్లు ఖాళీ చేసినట్టుంది. ఒక్కటే తేల్చుకోవాలి, ఇంక నాకు వినపడేది బయటి మగ్గమేనా అని. రేపు పొద్దున్నే బుల్లయ్య మగ్గం ఎక్కుతాడు. మీ మామయ్యని నా పక్కనే నిలబెట్టుకుంటా. మొదటి దెబ్బ పడగానే చెయ్యెత్తమంటా. మా ఇద్దరి చేతులూ ఒకేసారి లేవాలి."

లేపమంది ఐదింటికే. నాకిప్పటినుంచే నిద్ర పట్టేట్టు లేదు.

మీ మామయ్య, అత్తయ్య